ఇదేమి బొమ్మ అని అడుగకండి

శరీరానికి ఏ చిన్న నలత కలిగినా మన ఇళ్ళలో పోపుల పెట్టె తెరుచుకుంటుంది. జలుబుకు మిరియాలు, అజీర్ణానికి వాము, గొంతు నొప్పికి పసుపు కలిపిన పాలు - ఇవి మన తల్లులు, అమ్మమ్మలు మనకిచ్చిన విద్య. కాని మనస్సుకు నలత కలిగినప్పుడు మన ఇంటిలో తెరువదగిన పెట్టె ఏది? “ఏమీ ఆలోచించకు, అన్నీ సర్దుకుంటాయి” అని ఒక మాట చెప్పి ఊరుకుంటాము. చెప్పినవారికి అది ఓదార్పు. విన్నవారికి అది మరొక బరువు.

తీరిక వేళలో ఒక కాగితం ముందు పెట్టుకొని, ఏ రూపాన్నీ ఉద్దేశించక, రంగులతో, రేఖలతో అరగంట గడుపుట అటువంటి పెట్టెలో ఉండదగిన వస్తువని నా నమ్మకం. దీనినే నైరూప్య చిత్రలేఖనమని, ఆబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్ అని అంటున్నారు. అయితే ఈ సాధన నిలుచుటకు వేసేవారి పట్టుదల ఒక్కటే చాలదు. ఇంటిలోని మిగిలినవారి మౌనం కూడా కావలెను. పాఠకులకు ముఖ్యంగా మనవి చేయదలచినది ఈ రెండవ విషయమే.

ఈ అభిప్రాయం నాకు గ్రంథాల వలన కలుగలేదు. నేను చేసిన ఒక పొరపాటు వలన కలిగినది.

2016లో మా బావగారికి పక్షవాతం వచ్చి కుడివైపు చచ్చుబడినది. మాట కూడా తడబడినది. నాటినుండి మా అక్కయ్య దినచర్య అంతా ఆయన మందుల వేళలను అనుసరించియే నడిచినది. ఉదయం తైలమర్దనం, స్నానం, మెత్తని ఆహారం, వ్యాయామం చేయించుట, రాత్రి రెండు మూడు సార్లు లేచి ప్రక్క మార్చుట. మధ్యాహ్నం ఆయన నిద్రించే ఒక గంట మాత్రమే ఆమెది. 2018 వేసవిలో మనుమరాలు వదిలివెళ్ళిన రంగుల పెట్టె ఒకటి ఆమె కంటబడినది. పాత క్యాలెండరు కాగితాల వెనుకవైపు ఆమె రంగులు పూయసాగినది. చెట్టు కాదు, పుట్ట కాదు, దేవుని పటం కాదు. ఒక మూల నీలం, దాని అంచున పలుచని పసుపు, వాటి నడుమ ఒకే ఒక గీత. నాలుగైదు మాసాలు ఇట్లే గడిచినవి. ఆ దినాలలో ఆమె ఫోనులో మాట్లాడుతుంటే, చాలా కాలం తరువాత మా అక్కయ్య గొంతు విన్నట్లుండేది.

అప్పుడొకసారి వారింటికి వెళ్ళి ఆ కాగితాలు చూచి, “ఇదేమి బొమ్మ అక్కయ్యా?” అని నవ్వుతూ అడిగాను. నా నవ్వులో ఎగతాళి లేదు. అయినా ఆమె గబగబా కాగితాలను బోర్లించి, “ఏమోరా, నాకే తెలియదు. ఊరికే వేశాను” అన్నది. నేను అంతటితో ఊరుకొనలేదు. “ఇంత రంగు వృథా చేసే బదులు ఒక వేంకటేశ్వరస్వామి పటం వేయరాదా? గోడకైనా పెట్టుకోవచ్చు” అని సలహా ఇచ్చాను. ఆ తరువాత మేనల్లుడు వాటిని సెల్‌ఫోనులో ఫోటోలు తీసి బంధువులందరికీ పంపినాడు. బాగున్నవని కొందరు, మా చంటివాడు కూడా ఇట్లాగే వేస్తాడని కొందరు. ఒక నెల తిరుగకముందే రంగుల పెట్టె అటక మీదికి చేరినది. రెండేళ్ళు ఆమె కుంచె ముట్టలేదు.

మేము ఎవ్వరమూ ఆమెను వద్దనలేదు. అడిగినాము, మెచ్చుకొన్నాము, సలహా చెప్పినాము. ఆమెకున్న ఒక్క గంటను ఆ మాటలతోనే కాజేసినాము.

వైద్యశాస్త్రం చూపిన దారి

ఆరోగ్యవంతుని లక్షణాలను వివరించునప్పుడు సుశ్రుతాచార్యుడు దోషాలు, అగ్ని, ధాతువులు, మలక్రియలు సమస్థితిలో ఉండుటతో సరిపెట్టలేదు. ఆత్మ, ఇంద్రియాలు, మనస్సు ప్రసన్నంగా ఉండవలెనని కూడా చేర్చినాడు. ప్రసన్నత లేని దేహపుష్టి పూర్ణారోగ్యం కాదని దీని భావం. చరక సంహిత రజస్సును, తమస్సును మనోదోషాలుగా పేర్కొన్నది. చికిత్సను దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం అని మూడు విధాలుగా విభజించినది. మొదటిది మంత్ర హోమ నియమాదులతో కూడినది. రెండవది ఆహారౌషధాలను యుక్తిగా వాడుట. మూడవదైన సత్త్వావజయం, అహితమైన విషయాల నుండి మనస్సును వెనుకకు మరల్చుట.

అదే సంహితలో వేగాలను గూర్చిన విచారణ మరింత సూక్ష్మమైనది. తుమ్ము, ఆవలింత, ఆకలి, దప్పిక, నిద్ర మొదలైన 13 శారీరక వేగాలను బలవంతంగా ఆపరాదని అందులో ఉన్నది. కన్నీరు కూడా ఆ పదమూడింటిలో ఒకటి. లోభం, శోకం, భయం, క్రోధం, ఈర్ష్య వంటి మనోవేగాలను మాత్రం నిగ్రహించుకొనవలెనని చెప్పబడినది. అనగా కన్నీటిని ఆపరాదు, శోకానికి లొంగరాదు. ఈ రెండింటి నడుమ దారి చాలా ఇరుకైనది. శోకాన్ని లోపలికి త్రొక్కివేయుట నిగ్రహం కాదు. అది మరొక చోట నిద్రలేమిగానో, విసుగుగానో పైకి తేలుతుంది. చేతికి ఒక పని, కంటికి ఒక ఆలంబనం ఇచ్చినప్పుడే మనస్సు పట్టుకొన్నదానిని వదలుతుంది. చరకుడు చిత్రలేఖనాన్ని చికిత్సగా చెప్పినాడని నేను అనుట లేదు. ఆయన చూపిన దారిలో ఇదియు ఒక ఊతకర్ర కాగలదని మాత్రమే నా వ్యాఖ్య.

ఆధునికులు కూడా ఈ విషయాన్ని పరిశీలించినారు. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దలకు కాగితం, రంగులు, బంకమట్టి ఇచ్చి 45 నిమిషాలు ఇష్టం వచ్చినట్లు చేయుమన్నది. ఫలితాలు 2016లో వెలువడినవి. ముందు, తరువాత లాలాజలాన్ని పరీక్షించగా, ఒత్తిడికి గుర్తుగా భావించే కార్టిసాల్ సుమారు 75 శాతం మందిలో తగ్గినది. పూర్వం చిత్రకళలో అనుభవమున్నదా లేదా అన్నదానితో నిమిత్తం లేకపోయినది. ఇది చిన్న పరిశీలన. తక్కిన నాలుగవ వంతు మందిలో తగ్గుదల కనబడలేదు. కనుక దీనిని సర్వరోగ నివారిణిగా చాటుట తగదు. కాని నైపుణ్యం లేనివారికి కూడా మేలు కలుగవచ్చునన్న అంశం గమనింపదగినది.

రూపం లేకపోవుట ఎందుకు?

ఆవును గీయమంటే పదేళ్ళ బాలుడు ఉత్సాహంగా గీస్తాడు. నలభై ఏళ్ళ గృహస్థు “నాకు బొమ్మలు రావండీ” అంటాడు. నడుమ జరిగినది ఒక్కటే. గీసిన ఆవుకు, చూచిన ఆవుకు పోలిక కుదరలేదని ఎప్పుడో ఎవరో నవ్వినారు. పోలిక ఉన్నచోట పరీక్ష ఉంటుంది, పరీక్ష ఉన్నచోట ఓటమి ఉంటుంది. నైరూప్య చిత్రంలో పోల్చుటకు ఆవు లేదు. అందువలన వచ్చునా రాదా అన్న భయం లేకుండ ఎవరైనను కూర్చొనవచ్చును.

ఇది మనకు క్రొత్త కాదు. మన వాకిళ్ళలో ముగ్గు వేసే తల్లి ఏ రూపాన్ని అనుకరిస్తున్నది? చుక్కలు పెట్టి, ఆ చుక్కల చుట్టూ గీతను త్రిప్పి, మొదలుపెట్టిన చోటికే తెస్తున్నది. ఆ పది నిమిషాలు ఆమె శ్వాస, చూపు, వ్రేళ్ళు ఒక్క తాటిపై నడుస్తవి. “ఇదేమి బొమ్మ?” అని ఎవ్వరూ అడుగరు. క్రింద సంతకం ఉండదు. వెల కట్టరు. మధ్యాహ్నానికి అది పాదాల క్రింద చెరిగిపోతుంది. బియ్యపు పిండి అయితే చీమల పాలవుతుంది. మరునాడు మరల క్రొత్త ముగ్గు. వాత్స్యాయనుడు లెక్కించిన 64 కళలలో చిత్రలేఖనమైన ఆలేఖ్యంతో పాటు బియ్యంతోను, పువ్వులతోను నేలపై చేసే అలంకారాలు కూడా చేరియున్నవి. కాగితం మీద రంగులకు కూడా మనం ముగ్గుకు ఇచ్చిన స్వేచ్ఛనే ఇవ్వవలెనన్నది నా వాదన.

పేరు పెట్టని చిత్రాలు

ప్రసిద్ధుల జీవితాలు కూడా ఇదే చెబుతున్నవి. రవీంద్రనాథ ఠాకూరు 1924 ప్రాంతంలో ‘పూరబి’ వ్రాతప్రతిలో కొట్టివేసిన మాటలను కలుపుతూ గీతలు అల్లుట ప్రారంభించినాడు. అప్పటికి ఆయనకు 60 ఏళ్ళు దాటినవి. ఆ గీతలు పెరిగి చిత్రాలైనవి. 1930లో ప్యారిస్‌లో ప్రదర్శన జరిగినది. జీవిత సంధ్యలో ఆయన వేసినవి రెండు వేలకు పైబడినవి. వాటిలో ముఖాలు, వింత జంతువులు కూడా ఉన్నవి కనుక అన్నీ నైరూప్యాలు కావు. కాని సాధారణంగా ఆయన వాటికి పేర్లు పెట్టలేదు. మాటలకు చక్రవర్తియైన ఆ మహానుభావుడే చిత్రం దగ్గర మాటను పక్కన పెట్టినాడు.

స్వీడన్ దేశపు హిల్మా ఆఫ్ క్లింట్ ఉదాహరణ మరీ విశేషమైనది. ఆమె 1862లో జన్మించినది. ప్రకృతి దృశ్యాలు, మొక్కల చిత్రాలు వేసి జీవనం సాగించినది. 1906 నుండి 1915 వరకు ఆధ్యాత్మిక ప్రేరణతో 193 చిత్రాలు వేసినది; వాటిలో అనేకం నైరూప్యాలు. తన మరణం తరువాత 20 సంవత్సరాల వరకు వాటిని బయట పెట్టవద్దని కోరినది. 1944లో ఆమె మరణించినది. ఆ చిత్రాలు లోకానికి తెలియుట 1986లో మొదలైనది. ఒకరి మెప్పు కొరకే అయితే ఆమె ఆ కుంచెను ఎన్నడో పారవేసి ఉండేది.

మన తెలుగువారిలో కరీంనగర్ జిల్లా అన్నారంలో జన్మించిన పి.టి. రెడ్డి (1915-1996) తాంత్రిక యంత్రాలలోని త్రికోణాలను, వలయాలను ఆధారంగా చేసుకొని చిత్రాలు రచించినారు. మధ్యప్రదేశ్‌లో పుట్టిన ఎస్.హెచ్. రజా (1922-2016) బాల్యంలో చపలచిత్తుడుగా ఉండగా, బడి పంతులుగారు గోడపై ఒక చుక్క పెట్టి దానినే చూస్తూ కూర్చోమన్నారట. ఆ చుక్కయే తరువాత ‘బిందువు’ అన్న పేరుతో ఆయన చిత్రాలకు కేంద్రమైనది. చంచలమైన మనస్సుకు ఒక్క చుక్క కూడా ఆలంబనం కాగలదనుటకు ఇంతకంటె ఏమి కావలెను?

కొన్ని ఆక్షేపణలు

“జపం, ధ్యానం ఉండగా ఇది ఎందుకు?” అని కొందరు పెద్దలు అడుగవచ్చును. జపంలో మనస్సు నిలిచేవారికి ఇది అవసరం లేదు. కాని కన్నులు మూసుకొనగానే అప్పులు, ఆసుపత్రులు, కూతురి కాపురం కళ్ళ ముందు తిరిగేవారు మన ఇళ్ళలో ఎందరు లేరు? అటువంటివారికి కన్నులు తెరచి, చేయి కదుపుతూ చేసే ఏకాగ్రత సులభం. ఇది జపానికి పోటీ కాదు. జపానికి ముందు మెట్టు కావచ్చును.

“ఇది తీరిక ఉన్నవారి విలాసం కదా?” అన్నది రెండవ ఆక్షేపణ. నిజానికి తీరిక లేనివారికే ఇది ఎక్కువ అవసరం. రోజంతా ఇతరుల కొరకు పనిచేసే గృహిణి చేసిన ప్రతి పనికీ ఒక తీర్పు ఉన్నది. కూరలో ఉప్పు తక్కువ, ఇస్త్రీలో మడత ఎక్కువ. తీర్పు లేని పని ఒక్కటైనా ఆమెకు ఉండవలదా?

మూడవది, “పిచ్చిగీతలకు ఇంత గొప్ప ఎందుకు?” అన్నది. పిచ్చిగీతకు, నైరూప్య చిత్రానికి భేదం శ్రద్ధలో ఉన్నది. ఈ నీలం ఇక్కడ చాలునా, ఆ ఎరుపు ఎక్కువైనదా, ఎక్కడ ఆపవలెను అని తనను తాను ప్రశ్నించుకొంటూ వేసినది చిత్రం. ఆపవలసిన చోటు తెలియుట వంటకు, మాటకు, కోపానికి కూడా పనికివచ్చే విద్య.

ఆచరణ విధానం

దళసరి డ్రాయింగు కాగితం, మూడు రంగుల నీటిరంగు సీసాలు, ఒక సన్నని కుంచె, ఒక వెడల్పు కుంచె, రెండు గిన్నెల నీరు, ఒక పాత గుడ్డ చాలును. గాలి, వెలుతురు వచ్చే చోట పీట వేసుకొని కూర్చోవలెను. నడుము నొప్పి ఉన్నవారు బల్ల వాడవలెను. భోజనమైన వెంటనే వంగి కూర్చొనరాదు. మొదట రెండు మూడు నిమిషాలు శ్వాసను గమనించి, కాగితంపై ఎక్కడ తోచితే అక్కడ ఒక చుక్క పెట్టవలెను. ఆ చుక్క ఏమి కోరుచున్నదో చూచి రెండవ రంగు తీసుకొనవలెను. ఆకు, పువ్వు, ముఖం గీయవలెనన్న కోరిక పుట్టినచో ఆ దినానికి దానిని ప్రక్కన పెట్టవలెను. అరగంట కాగానే, చిత్రం ముగిసినను ముగియకున్నను, కుంచె కడిగివేయవలెను. కాగితం వెనుక తేదీ వ్రాసి లోపల దాచి, నెల దాటిన తరువాతనే తీసి చూడవలెను. అప్పుడు అది మనకే క్రొత్తగా కనబడుతుంది. ఆనాటి మన మనఃస్థితి కూడా తెలుస్తుంది.

రంగులను ఇంటిలోనే చేసుకొనదలచినవారికి మన వంటగది చాలును. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎరుపు వస్తుంది. దీపపు మసిలో తుమ్మజిగురు కలిపితే నలుపు. జేగురుతో మట్టిరంగు. మన కలంకారీ పనివారు వాడే కరక్కాయ, మంజిష్ఠ ఆయుర్వేద ఔషధాలు కూడా. పసుపు వర్ణం మాత్రం వెలుతురుకు త్వరగా వెలిసిపోతుంది. ముగ్గు చెరిగిపోవుటను బాధ లేకుండ చూచే మనకు అదియు ఒక పాఠమే.

అయితే ప్రాచీనమైనదంతా నిరపాయకరం కాదు. పూర్వపు చిత్రకారులు వాడిన హరిదళంలో ఆర్సెనిక్, ఇంగిలీకంలో పాదరసం, ఎర్ర సిందూరంలో సీసం ఉన్నవి. ఇవి ఇంటిలో ఉండరాదు. బజారులో దొరికే రంగులలో కూడా పిల్లలకు తగినవని సీసాపై ముద్రించినవే తీసుకొనవలెను. తైలవర్ణాలకు వాడే టర్పెంటైన్ ఆవిరి ఉబ్బసం ఉన్నవారికి హాని చేస్తుంది కనుక నీటిరంగులే మేలు. కుంచెను నోట పెట్టి మొన తీర్చే అలవాటు ఎంతమాత్రం పనికిరాదు.

మరొక హెచ్చరిక. రెండు వారాలు దాటినను నిద్ర పట్టకపోవుట, ఆకలి చచ్చిపోవుట, ఏ పనిపైనను ఆసక్తి లేకపోవుట ఉన్నచో, బ్రతుకు మీద విరక్తి మాటలలో వినబడినచో, రంగుల పెట్టె ఇచ్చి ఊరుకొనరాదు. ఆలస్యం లేకుండ వైద్యునికి చూపవలెను. వాడుతున్న మందులను ఈ సాధన పేరిట మానరాదు.

ఇంటివారికి విన్నపం

ఇంటిలో ఎవరైనా ఈ సాధనకు కూర్చున్నప్పుడు మిగిలినవారు చేయవలసినది చాలా తక్కువ. కాని అది కష్టం. ఆ అరగంట కాఫీ అడుగకుండుట, ఫోను మ్రోగితే తామే తీయుట, తలుపు దగ్గరగా వేయుట. వేసినదానిని అడుగనిదే చూడరాదు. చూపినప్పుడు అర్థం అడుగరాదు, ఇతరులతో పోల్చరాదు, మితిమీరి పొగడరాదు. పొగడ్త కూడా తీర్పే. నేడు పొగిడిన రంగునే రేపు మరల వేయవలెనన్న భారం దానివలన కలుగుతుంది. అమ్ముదాము, ప్రదర్శన పెట్టిద్దాము అన్న ప్రసంగం వేసేవారి నోటినుండి వచ్చువరకు మనం తేరాదు. “ఈ దినం కూర్చున్నావా?” అని ఒక్కమాట అడిగితే చాలును.

మా అక్కయ్య విషయంలో నేను ఈ పాఠం ఆలస్యంగా నేర్చుకొన్నాను. 2020 చివర వారింటికి వెళ్ళినప్పుడు అటక మీది పెట్టెను నేనే దించి, ఎండిపోయిన సీసాల స్థానంలో క్రొత్తవి పెట్టి, “అక్కయ్యా, ఆనాడు అడుగరాని మాట అడిగినాను” అన్నాను. ఆమె ఏమీ అనలేదు. మరునాడు మధ్యాహ్నం బావగారు నిద్రించిన తరువాత వరండాలో నీళ్ళ గిన్నె చప్పుడు వినబడినది. నేను లేచి చూడలేదు.

ఈ సాధన వలన బావగారి చేయి తిరిగి లేవలేదు. అక్కయ్య మోకాళ్ళ నొప్పి తగ్గలేదు. రాత్రి మేలుకొనుట తప్పలేదు. కాని ఆ ఇరువది నాలుగు గంటలలో ఒక అరగంట మాత్రం ఎవరికీ జవాబు చెప్పనవసరం లేనిదిగా ఆమెకు మిగిలినది. ఆమె ఇప్పటికీ ఆ కాగితాలను నాకు చూపలేదు. చూపకపోయినా ఫరవాలేదు. పాఠకులు తమ ఇంటిలో అటువంటి కాగితం ఏదైనా కంటబడినప్పుడు, నాలుక చివరకు వచ్చిన ఆ ఒక్క ప్రశ్నను ఆపుకొనగలిగితే, నా పొరపాటు వారికైనా ఉపయోగపడినదని సంతోషిస్తాను.